చేనుకు పోయే ఫోను

ఆర్మూర్
డిసెంబర్ 8

చెల్లె శైలజకు,

మీ ఊరి నుంచి మక్కజొన్న బస్తాలు తెచ్చే ఎంకటి ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను. పోస్టులో వేస్తే నా చేతిరాత చూసి తిప్పి పంపుతావేమోనని అనుమానం. ఎంకటి అయితే నువ్వు తీసుకునేదాకా గడప ముందు నిలబడి సొంత ముచ్చట్లు చెబుతాడు. అతణ్ణి వదిలించుకోవడానికైనా తీసుకుంటావు.

మరిది సంవత్సరీకం దాకా మీ ఇంటికి రావద్దన్నావు. రాను. ఫోన్ చేద్దామంటే నీ ఫోనును కాలువలో వేశావు. నాకిక కాగితమే మిగిలింది.

రవీందర్ మరిది పాము కరిచి పడిపోయిన చేనుకే నువ్వు రోజూ ఒంటరిగా పోతున్నావని ఎంకటి చెప్పాడు. మోటరు పెట్టేది నువ్వే, నీళ్లు మలిపేది నువ్వే. మీ చేను నుంచి కేక వేస్తే వినే ఇల్లు ఒక్కటి లేదు. ప్రవళిక ప్రతి గురువారం నిజామాబాద్ హాస్టల్ నుంచి నాకు ఫోన్ చేస్తుంది. "పెద్దమ్మా, అమ్మ మంచిగున్నదా?" అంటుంది. మంచిగున్నది అంటాను. ఏ ధైర్యంతో అంటున్నానో నాకే తెలియదు.

నేను కోరేది ఒక్కటే. ఒక చిన్న ఫోను పంపుతాను, తక్కువ ధరది. కొంగున కట్టుకొని చేనుకు పో. మాతో మాట్లాడకపోయినా సరే, అది నీ దగ్గర ఉంటే చాలు.

మీ బావకు నడుము నొప్పి. అందుకని ఇంటి పని అయ్యాక ఫోన్ల షాపులో నేనే కూర్చుంటున్నాను. ఇంటి లెక్క రాసినట్టే షాపు లెక్క కూడా రాస్తున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

తిన్నావా లేదా అనైనా రాయి.

నీ అక్క
శోభారాణి


మెండోర
డిసెంబర్ 15

శోభారాణి గారికి,

తింటున్నాను.

ఎంకటి చేతికి ఒక మూట ఇచ్చాను. అందులో ఆయన తువ్వాల, దాని లోపల మీ షాపు ఫోను ఉన్నాయి. అట్టపెట్టె కూడా పెట్టాను, లోపలి కాగితాలు కూడా కదిలించలేదు. మీరు అమ్మినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అట్లా ఉండాలనే కదా అంత జాగ్రత్త పడ్డాం.

ఆ రోజు షాపులో నేనూ ఉన్నాను. మర్చిపోలేదు. "అన్నా, ఎనిమిది వేలదో పదివేలదో ఉంటె ఇయ్యి. చేన్ల వాడేటిది" అని ఆయన అన్నాడు. "పసుపుకు గింత ధర ఎన్నడన్న ఒచ్చిందా తమ్మీ? జిందగీల ఒక్కసారన్న మంచి ఫోను పట్టు" అని బావ అన్నాడు. పాత ఫోను ఆయన జేబులోంచి బావే తీశాడు. "రెండు ఫోన్లు ఏం జేస్కుంటవ్, గిది ఇటియ్యి, లెక్కల పడ్తది" అని సొరుగులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక అంత ఖరీదు ఫోనును ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చేనుకు తీసుకుపోతే బురద, పసుపు పట్టుకుంటే మరక, జేబులో పెట్టుకుంటే వంగినప్పుడు జారుతుంది. పెళ్లిళ్లకు మాత్రం తీద్దామని బీరువాలో పెట్టాను. తాళంచెవి నా కొంగుకే. ఆయన పోయిన పొద్దు నన్ను అడిగాడు. "ఇయ్యరాదే, మోటరు కాడ ఒక్కన్నే ఉంట." నేను ఇవ్వలేదు. "నిన్న వాన కొట్టింది, బురదల పడేస్తవ్" అన్నాను. ఊరందరికీ తెలుసు, నేనే చెప్పాను. దాచుకోవడానికి ఏముంది.

మీరు చిన్న ఫోను పంపుతానంటే నవ్వొచ్చింది. ఇప్పుడు పంపుతారా చిన్నది?

నా గడప లోపలికి ఏ ఫోనూ రాదు.

శైలజ


ఆర్మూర్
జనవరి 3

చెల్లె,

"గారు" అని రాశావు. సరే. నువ్వు ఎట్లా పిలిచినా నేను చెల్లె అనే రాస్తాను.

మూట అందింది. ఫోను తీసుకెళ్లి షాపు అద్దాల అరలో పెట్టలేదు, ఇంట్లో బియ్యం డబ్బా పైన ఉంది. తువ్వాల ఉతకలేదు.

మీ బావకు నడుము నొప్పి అని రాశాను కదా. నడుముకు ఏమీ కాలేదు. షాపు షట్టర్ ఎత్తబోయి, సగం ఎత్తి, దించి ఇంటికొచ్చేశాడు. ఆ రోజు నుంచి పోవడం లేదు. అడిగితే నడుము అంటాడు. నేనూ అందరికీ అదే చెబుతున్నాను.

ఇంకొకటి. నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ నెల ఇంకొక్క పెద్ద ఫోను అమ్మితే గోవా తీసుకుపోతామని కంపెనీవాళ్లు మీ బావతో అన్నారు. ఆ ఒక్కటీ మరిదికి అమ్మాడు. గోవా పోయొచ్చాడు. అక్కడి నుంచి తెచ్చిన జీడిపప్పు నీకూ పంపాను. "బావ మస్తు మంచి పప్పు తెచ్చిండు" అని నువ్వు ఫోన్ చేశావు.

నాకు తెలిసింది రాస్తాను, చదివితే చదువు. సంక్రాంతికి ముందు అమ్మకాలు ఎట్లా ఉన్నాయో చూడడానికి కంపెనీ పిల్లగాడు వచ్చాడు. "అమ్మా, పెద్ద ఫోన్లు ఎందుకు పోతలేవు? మనుషుల దగ్గర పైసలు లేవా?" అన్నాడు. అంతలో బీడీలు చుట్టే భాగ్యవ్వ లోపలికి వచ్చింది. ఆమెనే అడగమన్నాను. అతను పెద్ద ఫోను చేతికిచ్చి, వేలు పెడితే తాళం తీస్తుంది చూడమన్నాడు. భాగ్యవ్వ వేలు పెట్టింది, తీయలేదు. ఇంకో వేలు పెట్టింది, అదీ తీయలేదు.

"నా ఏళ్లకు గీతలేడున్నయ్ కొడుకా? ఆకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి అన్ని అరిగినయ్. గీ ఫోనుకు నేనెవ్వలో ఎర్కలేదు. నన్ను ఎర్కపట్టనిదానికి అన్ని పైసలెందుకు? తాళం లేనిదియ్యి, ఇంట్ల అందరం మాట్లాడుతం" అంది.

వెనకే జక్రాన్‌పల్లి హన్మయ్య నిలబడ్డాడు. చేతికి సంచి, సంచిలో అప్పుడే పట్టించిన పిండి. అతనికి ఒక్కటే ప్రశ్న. "గీ లచ్చ రూపాలదాన్ల మాట్లాడితె, దుబాయ్ల ఉన్న నా అల్లునికి ఇంకింత మంచిగ ఇనవడ్తదా?"

"అంతే వినబడుతుంది" అన్నాను.

"మొఖం ఇంకింత మంచిగొస్తదా?"

"కొంచెం తేటగా వస్తుంది."

"ఆని మొఖం గంత తేటగ సూసి ఏం జేస్త" అని పదివేలది తీసుకుపోయాడు. కంపెనీ పిల్లగాడు కూడా నవ్వాడు.

కొనేవాళ్ల దగ్గర పైసలు లేక కాదు చెల్లె. కొన్నదాన్ని చూసి భయపడడం వాళ్లకు ఇష్టం లేదు. కుప్ప మీద పెట్టి మర్చిపోవాలి, పిల్లలకు ఇవ్వాలి, పసుపు చేత్తో పట్టుకోవాలి. పగిలితే ఒక పూట బాధపడి ఊరుకోవాలి. ఇది మేం అమ్మేవాళ్లం ముందే తెలుసుకోవాల్సింది. మరిది మొదట్నుంచీ అదే అడిగాడు.

పసుపు తవ్వే రోజులు వస్తున్నాయి. ఫోను సంగతి మళ్లీ అడుగుతున్నాను.

శోభ


మెండోర
జనవరి 21

అక్కకు,

గోవా సంగతి బావ చెప్పాల్సింది. నువ్వు చెప్పావు. సరే.

నువ్వు అంత రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. ఆ రోజు పొద్దు పోయాక వెతుక్కుంటూ పోయినప్పుడు బురదలో ఆయన అడుగులు కనిపించాయి. మోటరు దగ్గర మొదలై కాలువ గట్టు దాకా ఉన్నాయి. మొదట్లో మామూలుగా ఉన్నాయి. తర్వాత ఒక కాలు ఈడ్చినట్టు గీత పడింది. గట్టు మీద రాయికి ఆనుకొని కూర్చున్నాడు. చూసేవాళ్లకు బీడీ తాగుతూ కూర్చున్నట్టే ఉంది. అంత దూరం నడిచాడంటే అంతసేపు బతికే ఉన్నాడు. డాక్టరు కూడా అదే అన్నాడు. "ఒక్క ఫోను చేసి ఉంటే" అన్నాడు, నా ముందే. డాక్టరు తప్పు లేదు, అతనికి బీరువా సంగతి తెలియదు.

ప్రవళిక మొన్న శనివారం వచ్చింది. నేను చేనుకు పోతే వెంట వచ్చి గట్టు మీద కూర్చుంది. అదే రాయి దగ్గర. పుస్తకం పట్టుకుంది కానీ ఒక్క పేజీ తిప్పలేదు, నన్నే చూస్తూ ఉంది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు "నేను కాలేజ్ బంద్ జేసి ఇంటికే వస్త అమ్మా" అంది. కొట్టబోయాను. తర్వాత ఇద్దరం బస్టాపులో ఏడ్చాం.

ప్రవళిక కోసం ఒక మాట. కొత్త ఫోను ఎంత చిన్నదైనా నేను ముట్టను. దాన్ని చూస్తే నాకు షాపు కనబడుతుంది. ఆయన పాత ఫోను మీ సొరుగులోనే ఉంటే పంపు. అది చేనుకు అలవాటైన ఫోను. కుడి పై మూలకు పగులు ఉంటుంది, కాలువ తూము మీద పడింది. వెనక మూతకు పసుపు పట్టి అంచులు పచ్చగా ఉంటాయి, ఎంత తుడిచినా పోదు. అది ఇస్తే కొంగున కట్టుకుంటాను.

అది తప్ప వేరేది వద్దు.

శైలజ


ఆర్మూర్
ఫిబ్రవరి 2

చెల్లె,

"అక్క" అని రాశావు.

సొరుగులో లేదు. మార్పిడిలో వచ్చిన పాత ఫోన్లను మీ బావ సంచిలో వేసి పెడతాడు, నిజామాబాద్ నుంచి ఒకాయన వచ్చి సంచితో సహా తీసుకుపోతాడు. కొన్ని విప్పి సామాను తీసుకుంటారట, బాగున్నవి మళ్లీ అమ్ముతారట. మరిదిది ఏమైందో మీ బావకు గుర్తులేదు. నేను అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరిది ఫోను నాకూ గుర్తే. నేను నంబరు మార్చినప్పుడు "నీ నంబరు నేను కొట్టుకోను వదినె, నువ్వే చెయ్యి, అప్పుడు దాన్ల పడ్తది" అన్నాడు. పైసా ఖర్చు లేని పనికి కూడా పిసినారితనమా అని నవ్వాను.

వెతుకుతున్నాను. నువ్వు తవ్వకం ఆపు అనను, పంట ఆగదు. కూలీలు ఉన్న వేళకే పో. వాళ్లతో పాటే తిరిగి రా.

శోభ


మెండోర
ఫిబ్రవరి 19

శోభక్కకు,

కాలు చాపి ఒడిలో కాగితం పెట్టుకొని రాస్తున్నాను, అక్షరాలు సరిగా రాకపోతే ఏమనుకోకు.

మొన్న పసుపు ఉడకబెట్టాం. చివరి డ్రమ్ము దించగానే కూలీలు వెళ్లిపోయారు, వాళ్ల ఆటో అప్పటికే హారన్ కొడుతోంది. నేనే పొమ్మన్నాను. మూత తీస్తుంటే జారి వేడినీళ్లు కాలి మీద పడ్డాయి, మోకాలి కింద నుంచి పాదం దాకా. అరిచాను. కుక్క మొరిగింది, అంతే. కాసేపు కింద కూర్చొని మళ్లీ అరిచాను.

తర్వాత లేచి నడిచాను. కాలువ గట్టు మీదుగానే, ఇంకో దారి లేదు. కాలు ఈడ్చుకుంటూ పోతున్నాను కదా, ఒకచోట వెనక్కి తిరిగి చూశాను. దుమ్ములో గీత పడుతోంది. అదే గీత, అక్కా. రాయి దాకా వచ్చాక కూర్చుందామనిపించింది. నొప్పి వల్ల కాదు. కూర్చుంటే బాగుంటుందనిపించింది. ఈ మాట ప్రవళికకు చెప్పకు.

ముప్కాల్ నుంచి బండి మీద వచ్చే పాలాయన చూసి దవాఖానకు తీసుకుపోయాడు. బొబ్బలు ఎక్కాయి, మందు పూశారు. తగ్గుతుందన్నారు.

పసుపు కొమ్ములు కళ్లంలో ఆరబోసి ఉన్నాయి. కావలి నేనే.

శైలజ


ఆర్మూర్
ఫిబ్రవరి 24

చెల్లె,

ఫోను దొరికింది.

ముందు కాలి సంగతి. ఎంకటి చేతికి మందు డబ్బా, పాత నూలుచీర ముక్కలు పంపుతున్నాను. చీర ఉతికి ఎండలో ఆరేశాను. కట్టు గట్టిగా బిగించకు.

ఇక ఫోను. మన పసుపు మండీలో బస్తాలు మోసే హమాలీ ఎల్లయ్య దగ్గర ఉంది. నిజామాబాద్ ఆయన మళ్లీ అమ్మితే ఇతను కొన్నాడట. బస్తాల మధ్య పాట పెట్టుకొని పని చేస్తుంటే నేనే చూశాను. మూలకు పగులు, అంచులు పచ్చగా. అడిగితే ఇవ్వనన్నాడు. షాపులోంచి కొత్తది ఇస్తాను, ఇది ఇవ్వు అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"కొత్తదెందుకమ్మ నాకు? గిది ఇరవైసార్లు పడ్డది. పడితె తీస్త, తుడుస్త, మళ్ల జేబుల ఏస్త. కొత్తదైతె బస్తా మోస్తానా, దాన్ని మోస్తానా?"

"నా చెల్లె భర్తది అది. పోయాడు" అన్నాను.

అప్పుడు సిమ్ము తీసుకొని ఫోను నా చేతిలో పెట్టాడు. కొత్తది ఇస్తే పెట్టె విప్పలేదు. "ఇంకింత తక్కువదుంటె సూడు" అన్నాడు. సగం ధరది ఇచ్చాను, సంతోషంగా పోయాడు.

కొత్త సిమ్ము వేశాను. నా నంబరు, ప్రవళిక నంబరు, ఎంకటి నంబరు పేర్లతో ఎక్కించాను. చార్జింగు నిండా ఉంది. నువ్వు మాట ఇచ్చావు. కొంగున కట్టుకో.

మీ బావ నిన్న షట్టర్ పూర్తిగా ఎత్తాడు. లోపలికి మాత్రం రాలేదు, బయట మెట్టు మీద కూర్చున్నాడు.

శోభ


మెండోర
మార్చి 4

శోభక్కకు,

కాలు ఆరుతోంది. నూలు ముక్కలు మెత్తగా ఉన్నాయి. అది నీ పెళ్లినాటి చిలకపచ్చ చీర అని గుర్తుపట్టాను.

ఫోను చేతికి రాగానే పగులు చూశాను, సరిగ్గా నేను చెప్పిన చోటే ఉంది. అంచులు చూశాను, పచ్చగానే ఉన్నాయి. మన మండీ పసుపే, వాసన కూడా పోలేదు. కొంగున కట్టుకున్నాను. సాయంత్రం కళ్లంలో కూర్చొని నీ నంబరు నొక్కి చూద్దామనుకున్నాను. పేర్లలో ఉంది, అయినా అంకెలు కొట్టాలనిపించింది. ఎందుకో చెబుతాను.

ఆయన ఫోను తూము మీద పడ్డాక దాని మీద ఒక చోట వేలు పని చేసేది కాదు. అక్కడే తొమ్మిది ఉండేది. ఎంత నొక్కినా పడేది కాదు. అందుకే ఎవరి కొత్త నంబరూ ఆయన కొట్టుకోలేకపోయేవాడు, మీరే చేయండి అనేవాడు. నీకు పిసినారితనంగా కనిపించింది అదే. బాగు చేయించుకోమంటే "ఎనిమిదివేల ఫోనుకు రెండువేల వైద్యమా" అని నవ్వేవాడు. నీకు ఈ గుర్తు చెప్పలేదు. పరీక్ష పెట్టాలని కాదు, నాకు తట్టలేదు.

ఈ ఫోనులో తొమ్మిది పడుతోంది అక్కా.

రెండోసారి నొక్కి చూశాను, మూడోసారి కూడా. పడుతోంది.

ఎల్లయ్య దగ్గర ఏం జరిగిందో నేను అడగను. నువ్వు చెప్పకు. ఎల్లయ్య మాటలు మాత్రం నిజమే అయ్యుంటాయి, అట్లాంటివి నీకు కల్పించడం రాదు. అద్దం పగలగొట్టినప్పుడు నీ చేయి తెగలేదు కదా? అదొక్కటే అడుగుతున్నాను.

రాత్రంతా ఒకటే ఆలోచన. ఆయన దగ్గర ఆ పాతది ఉండి ఉంటే, తొమ్మిది పడకపోయినా, నూట ఎనిమిదికి కలిసేది. అందులో తొమ్మిది లేదు. ఈ మాట నేను ఎవరికి చెప్పుకోవాలి? బావకు చెప్పకు. మెట్టు మీద కూర్చున్నవాడిని లోపలికైనా పోనీ.

ఫోను కొంగుననే ఉంది, తీయలేదు. నువ్వు ఇచ్చింది అనే కట్టుకున్నాను. పొద్దున మోటరు దగ్గర నీళ్లల్లో పడింది. తీసి తుడిచాను, పని చేస్తోంది. దాన్ని చూసి నాకు భయం కాలేదు. అప్పుడు కాసేపు ఏడ్చాను.

ప్రవళికకు మాత్రం నాన్న ఫోనే దొరికిందని చెప్పాను. "నిజంగనా అమ్మా, మూలకు పగులున్నదా?" అని అడిగింది. ఉన్నదన్నాను. కాలేజ్ మానేస్తానన్న మాట ఆ తర్వాత ఎత్తలేదు. అది ఎప్పుడైనా నిన్ను అడిగితే నువ్వూ అట్లాగే చెప్పు. ఇంటికొచ్చినప్పుడు దాన్ని తొమ్మిది నొక్కనివ్వను.

ఇక ఉత్తరం రాయకు. ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

శైలజ